తలుపు పక్క రేకు

మా ముత్తాత యాలాల్ చుట్టుపక్కల ఊళ్లకు మాలీ పటేల్. శిస్తు వసూలుకు బయలుదేరితే ఆయన గుర్రం ముందు ఒక మనిషి నడిచేవాడని, ఆయన కూర్చున్నాకే మిగతావాళ్లు కూర్చునేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన కొడుకు, అంటే మా తాత, పటేల్‌గిరీతో సరిపెట్టుకోలేదు. తాండూరు దగ్గర సొంత చెలకలో నాపరాయి గని తెరిచాడు. తర్వాత బండలు కోసి నునుపు పట్టే కార్ఖానా పెట్టాడు. స్టేషన్ దగ్గర టాంగా ఎక్కి ‘దొర కార్ఖానా’ అంటే బండివాడు ఇంకో ప్రశ్న వేసేవాడు కాదు. మా నాన్న ఆ కార్ఖానాకు యజమాని. పంచాయితీలు తీర్చమని ఆయనను పిలవడానికి దోమ, పూడూరు లాంటి ఊళ్ల నుంచి మనుషులు వచ్చేవారు. నేను ఆయన పెద్ద కూతురిని. మగపిల్లలు లేరు. నా కాలం వచ్చేసరికి మిగిలినవి ఒక చిన్న ఇల్లు, ఒక బస్సు.

ఆ బస్సును మా తాత కొన్నది గని కూలీల కోసం. ఛాసిస్ తెప్పించి హైదరాబాదులో బాడీ కట్టించాడు. కిటికీల కింద నుంచి చక్రాల దాకా రెండు పక్కలా అల్యూమినియం రేకులు, ఒకదాని అంచు మీద ఇంకొకటి, అంచుల వెంట వరసగా రివెట్లు. రేకుల మీద రంగు వేయనివ్వలేదు. రంగు వేస్తే అందరి బస్సులాగే ఉంటుందని ఆయన అభిప్రాయం. పొద్దున ఊళ్ల నుంచి కూలీలను తెచ్చేది, సాయంత్రం దింపేది. ఇంట్లో పెళ్లి వచ్చిందంటే మాత్రం దాన్ని లోపలా బయటా కడిగించి, మామిడాకులు కట్టి, ఆడపిల్లను అందులోనే అత్తవారింటికి పంపేవారు. మా మేనత్తలిద్దరూ అందులో వెళ్లారు. చాలా ఏళ్ల తర్వాత మా చెల్లెలు వెళ్లింది. నాకు పెళ్లి కాలేదు. దాని కారణాలకూ ఈ బస్సుకూ సంబంధం లేదు.

చెల్లెలి పెళ్లయిన ఏడాదే నాన్న బస్సుకు నీలం రంగు వేయించాడు. కొన్నేళ్లకు దాని మీదే మీగడ రంగు. ఇళ్లలోకి టైల్స్ వచ్చాక నాపబండ పశువుల కొట్టానికీ చేను చుట్టూ కంచెకూ దిగిపోయింది. గని ఆగింది, కార్ఖానా ఆగింది, బస్సు షెడ్డులోకి వెళ్లి మళ్లీ బయటకు రాలేదు. భూమి ముక్కలు ముక్కలుగా పోయింది. చివరికి షెడ్డు ఉన్న జాగా కూడా చేతులు మారింది. కొన్నవారు మర్యాదస్తులే. దసరా లోపల బస్సు తీయించుకోమని చెప్పారు.

మొదట వచ్చినవాడు తాండూరు పాతసామాన్ల వ్యాపారి. బస్సు పక్కకు వెళ్లి, తలుపు కొట్టినట్టు రేకు మీద వేళ్లతో టకటకా కొట్టాడు.

“ఇనుము వేరె, సిల్వరు వేరె తూకమేస్త అమ్మా. సీట్లు మీరే ఉంచుకోండ్రి. గ్యాస్ కట్టర్ తెస్తె పొద్దుమీకె వరకు సాఫ్.”

మా వైపు అల్యూమినియాన్ని సిల్వరు అనే అంటారు. నేను అతనికి దారి ఎటో చూపించాను.

రెండోవాడు వికారాబాదు నుంచి వచ్చాడు. దోమలో మా గొర్రెల మందను కాసినాయన మనవడు. ఇప్పుడు అనంతగిరి గుట్టల దారిలో అతనికి గదులూ తోటా ఉన్న విడిది ఉంది, హైదరాబాదు వాళ్లు శని, ఆదివారాలు వచ్చి ఉంటారు. కారు దిగి వచ్చి, వరండాలో కుర్చీలో నేను చెప్పకముందే కూర్చున్నాడు. కుర్చీ కూర్చోవడానికే కదా. అయినా గమనించాను.

“మేడం, ఆ బస్సును మా తోటల పెట్టాలె. టీ, టిఫిన్లు అండ్లనే. అయితె రంగు బస్సు నాకొద్దు. రంగు బస్సులు మస్తున్నయ్. రంగు కింద రేకు అద్దం లెక్క మెరుస్తదని మా తాత చెప్పేటోడు. ఆ రేకు మెరిస్తె ఎట్లున్న బస్సు అట్లనే తీస్కపోత. ఒక్క బోల్టు ఇప్ప. మెరవకుంటె నాకు పనికిరాదు.”

“మెరుస్తుంది” అన్నాను.

“ఎవల్తోని చేపిస్తరు?”

“మేము చేయిస్తాం.”

దసరాకు ముందు వచ్చి చూస్తానని వెళ్లిపోయాడు. ‘మేము’ అన్నాను గానీ ఆ మాట వెనక ఉన్నది నేను, ఒక ముసలి డ్రైవరు. రేకులు మెరిస్తే బస్సు బస్సుగా ఉంటుంది. లేకపోతే గ్యాస్ కట్టర్ వస్తుంది. ఆ రోజు నుంచి నా ఆలోచన అంతా ఇంతే.

మా తాత చివరి కాలం నుంచి ఆ బస్సు నడిపిన డ్రైవరు రైల్వే గేటు అవతల ఉంటాడు. మోకాళ్లు అరిగాయి గానీ నోరు అరగలేదు. కబురు పంపితే కర్ర పట్టుకుని వచ్చాడు. బస్సు చుట్టూ తిరిగి చూసి, ముందు అద్దం మీద దుమ్ము అరచేత్తో తుడిచి, అందులో తన ముఖం చూసుకున్నాడు.

“దొరసాని, దీన్ని తోముడా? మనిద్దరమా?”

“నువ్వు చెప్పు, నేను చేస్తా.”

“మీరు చేస్తరా!” నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. “పెద్దదొర పైకెల్లి జూస్తె కిందికి దిగొచ్చి తంతడు నన్ను.”

“మా తాత రాడు. పని మొదలుపెట్టు.”

రంగు తీసే మందు జిగురులా ఉంటుంది. బ్రష్షుతో పూస్తే కాసేపటికి రంగు ముడతలు పడి లేస్తుంది. దాన్ని చెక్కముక్కతో గీకాలి. మీగడ రంగు పొరలు పొరలుగా వచ్చింది. కింది నీలం మాత్రం మొండిది, రెండుసార్లు పూస్తేగానీ కదలలేదు. ఆ వాసనకు కళ్ల నుంచి నీళ్లు కారేవి. డ్రైవరు ముఖానికి తువ్వాలు కట్టుకుని, దొంగలాగున్ననా దొరసాని అని అడిగేవాడు. దొంగలు ఇంత కష్టపడరని నేను అనేదాన్ని. రంగు పోయాక బయటపడ్డ రేకు చూసి నాకు నీరసం వచ్చింది. తెల్లగా, సుద్ద రాసినట్టు, అక్కడక్కడ బూడిద మచ్చలతో ఉంది. అద్దం జాడ ఎక్కడా లేదు.

అక్కడ మేము చేసిన పని తాండూరు మనుషులు మాత్రమే చేస్తారు. మాది రాతి పని చేసే ఇల్లు. నునుపు అంటే మాకు తెలిసిన పద్ధతి ఒకటే. నీళ్లు పోస్తూ ముందు గరుకు రాయి, తర్వాత సన్నరాయి, చివర పొడి వేసి గుండ్రంగా తిప్పడం. చిన్నప్పటి నుంచి నా చెవుల్లో ఉన్న చప్పుడు అదే. షెడ్డు మూలలో చేతి మిషన్ ఇంకా ఉంది, తిప్పే రాళ్లు కూడా ఉన్నాయి. మిషన్ నడిచింది. వెనక చక్రం పక్క రేకు మీద పెట్టాము. నీళ్లు డ్రైవరు పోశాడు, మిషన్ నేను పట్టాను. నాపరాయిని ఎంత రుద్దితే అంత లోపలి నిగారింపు పైకి వస్తుంది. రేకులో లోపల ఏమీ లేదు. మెత్తని లోహం, గరుకు రాయి దాన్ని దున్నేసింది. మిషన్ ఆపి తుడిచి చూస్తే రేకు నిండా గుండ్రటి గీతలు, ఒకదాని మీద ఒకటి.

డ్రైవరు చాలాసేపు చూశాడు.

“జొన్నరొట్టెల పెంక లెక్కయింది దొరసాని.”

“నీళ్లు తక్కువ పోశావు.”

“అవు మల్ల. తప్పు నీళ్లదే.”

తర్వాత ఫోనులో వెతికాను. ఎక్కడో ఒకాయన, నాకు తెలియని భాషలో మాట్లాడుతూ, పాత బస్సు రేకు తోముతున్నాడు. మాట అర్థం కాకపోయినా చేతులు కనిపిస్తాయి కదా. చూసి నేర్చుకున్నాము. సబ్బునీళ్లలో తడిపిన సన్న గరుకు కాగితం, అడ్డంగా కాదు, గుండ్రంగా కాదు, రేకు పొడుగునా ఒకే వైపు. కాగితం మార్చినకొద్దీ సన్నది. ఆఖరున గుడ్డచక్రానికి సబ్బుబిళ్లలాంటి పాలిషు రాసి మిషన్‌తో తిప్పడం. అప్పుడు రేకు నల్లటి జిడ్డు కక్కుతుంది. దాని మీద పిండి చల్లి తుడిస్తే జిడ్డు పిండికి అంటుకుపోతుంది, కింద మెరుపు కనిపిస్తుంది. మైదా తెప్పించాను. మొదటి రోజు మైదా లేక డ్రైవరు ఇంటి నుంచి జొన్నపిండి తెచ్చాడు. రెండో రోజు తేలేదు.

“మా ముసల్ది జూసింది. బస్సుకు రొట్టెలు చేసి పెడుతున్నవా అని అడిగింది. ఇంట్లకు రానియ్యలె రాత్రి.”

మెరుపు నిజంగానే వచ్చింది. కానీ అది వచ్చిన తీరు నన్ను అలసగొట్టింది. ఒక రేకు మెరిస్తే దాని పక్కది మరీ మసకగా కనిపిస్తుంది. సాయంత్రం తుడిచి వెళితే, పొద్దున పక్క కార్ఖానాలో బండలు కోసిన తెల్లదుమ్ము దాని మీద పరుచుకుని ఉంటుంది. మళ్లీ తుడవాలి. ఈ మెరుపు నిలవదని, కొన్నాళ్లకు మళ్లీ మసకబారుతుందని రంగుల దుకాణంవాడు ముందే చెప్పాడు. నాకు కావలసింది దసరా దాకా.

కింది వరస రేకులు నా ప్రాణం తీశాయి. నన్ను నడుము వంచకుండా పెంచారు. పడిపోయిన వస్తువును తీసి ఇవ్వడానికి ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. కూర్చున్నా నిలబడ్డా వెన్ను నిటారుగా ఉండాలని నానమ్మ వెనక నుంచి వేలితో పొడిచేది. ఇప్పుడు చక్రాల పక్కన పీట వేసుకుని, తల పక్కకు వాల్చి, రివెట్ల చుట్టూ గుడ్డ చుట్టిన పుల్లతో తోముతుంటే, ఆ వేలు పొడిచిన చోటే నొప్పి మొదలయ్యేది. లేవాలంటే బస్సు చక్రం పట్టుకుని లేచేదాన్ని. డ్రైవరు చెయ్యి అందించబోయాడు. వద్దన్నాను. తర్వాత అతను లేవలేకపోతే నేను చెయ్యి అందించాను. అతను కూడా వద్దన్నాడు. ఇద్దరం చెరో చక్రం పట్టుకుని లేచాము.

తలుపు ఉన్న వైపు చివరికి వదిలిపెట్టాము. తలుపు పక్క రేకు మీద నీలం రంగు మిగతా చోట్ల కంటే దట్టంగా ఉంది, దాని కింద పుట్టీ కూడా. గీకుతూ పోతే రేకు మీద ముదురు బూడిద రంగు మచ్చలు కనిపించాయి. నీటి మచ్చలు అనుకున్నాను. సన్న కాగితంతో రుద్దాను. చుట్టూ మెరిసినకొద్దీ మచ్చల అంచులు తేలాయి. వేళ్లు. అరచెయ్యి. ఒకటి కాదు, మూడు చేతులు, భుజం ఎత్తున, ఒకదాని పక్కన ఒకటి.

అప్పుడు గుర్తొచ్చింది. మా వైపు కొన్ని ఇళ్లలో పెళ్లికూతురు పుట్టింటి నుంచి బయలుదేరే ముందు గోడ మీద చెయ్యి అద్దుతుంది. మా నానమ్మ ఆ పద్ధతిని బస్సు మీదికి మార్చింది. గోడకు ఏటేటా వెల్ల వేస్తారు, చెయ్యి పోతుంది, బస్సయితే నలుగురికీ చూపిస్తూ తిరుగుతుంది అనేది. పసుపులో సున్నం కలిపి, ఎర్రగా తిరిగేదాకా తనే చేత్తో కలిపేది. ఉత్త పసుపు ఎండకు వెలిసిపోతుందని సున్నం కాస్త ఎక్కువే వేసేది. రాతి పనివాళ్లం కదా, సున్నం అంటే పట్టి నిలబెట్టేదని మాకు తెలుసు. రేకును తింటుందని తెలియదు. ఎరుపు కడిగితే పోయింది. సున్నం తిన్నంత మేర చెయ్యి రేకులోనే దిగిపోయింది.

మేనత్తల చేతులు రెండూ అప్పటికే అక్కడ ఉండి ఉండాలి. నేను చిన్నప్పటి నుంచి ఆ తలుపు ఎక్కి దిగినదాన్నే. చూసిన గుర్తు లేదు. మేము బస్సు ఎక్కేవాళ్లమే గానీ దాని రేకు వైపు చూసేవాళ్లం కాదు.

“గందుకే రంగు ఏపిచ్చిండు మీ నాయిన” అన్నాడు డ్రైవరు. “చిన్నదొరసాని పెండ్లి అయినంక మచ్చ కడుగుమన్నడు. చింతపండు పెట్టి తోమిన, ఇటుకపొడి పెట్టి తోమిన. పోతలేదు దొర అంటె, నీకు తోముడు రాదని తిట్టిండు. నాకు రాదు సరె. గిప్పుడు మీకు వస్తున్నదా?”

నాకు కూడా రాలేదు. వికారాబాదు మనిషి అడిగింది అద్దంలాంటి రేకు. ఈ మచ్చలున్నదేమో ఎక్కే దిగే ప్రతి మనిషి కంట్లో పడే చోట. గుడ్డచక్రం పెట్టి ఎంతసేపు తిప్పినా చుట్టూ మెరుపు పెరిగింది, చేతులు ఇంకా స్పష్టమయ్యాయి. గరుకు కాగితంతో లోతుగా అరగదీస్తే పోవచ్చు. రేకు పల్చన, చిల్లు పడవచ్చు కూడా. కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చివరి చెయ్యి మా చెల్లెలిది, చిటికెనవేలు కొంచెం వంకర. మొదటి రెండింటిలో పెద్దత్త చెయ్యి ఏదో చిన్నత్త చెయ్యి ఏదో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరూ లేరు.

డ్రైవరు నా వైపు చూసి, నేల వైపు చూసి అన్నాడు.

“మీరు గూడ ఒకటి పెట్టుండ్రి దొరసాని. సున్నం నేను తెస్త. జాగ ఉన్నది పక్కకు.”

“అది బయలుదేరేవాళ్ల చెయ్యి. నేను బయలుదేరింది ఎప్పుడు? పిండి తే.”

పిండి తెచ్చాడు. నా అరచేతుల గీతల్లో నల్లటి జిడ్డు ఇరుక్కుని ఉంది. పిండితో, కిరసనాయిలుతో, సబ్బుతో కడిగినా పూర్తిగా పోలేదు. ఆ రాత్రి అన్నం చెంచాతో తిన్నాను.

రేకును అలాగే వదిలేశాను. అరగదీయడానికి చేతులు రాలేదు, అంతే. మిగతావన్నీ మెరుస్తున్నాయి, ఆ ఒక్క చోట ఏమంటాడో చూద్దామనుకున్నాను. ఆ ఒక్క రేకు అతనికి నచ్చకపోతే బస్సు కట్టర్ పాలేనని కూడా తెలుసు.

దసరాకు ముందు అతను వచ్చాడు. బస్సును షెడ్డు బయటకు నెట్టించి ఎండలో నిలబెట్టాము. మెరుపుకు అతను కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డ్రైవరు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. అతను ఒక పక్క అంతా నడిచి, వెనక చక్రం దగ్గర గుండ్రటి గీతలు చూసి ఆగాడు.

“ఇదేంది కాకా?”

“డిజైన్” అన్నాడు డ్రైవరు.

అతను నవ్వి తలుపు వైపు వచ్చాడు. చేతుల దగ్గర ఆగాడు. నవ్వు పోయింది. అతను ఏదైనా అనేలోపే నేనే చెప్పాను.

“ఆ మచ్చలు పోవు. సున్నం తిన్నది. కావాలంటే అక్కడ కొత్త రేకు వేయిస్తా.”

“మచ్చలెక్కడియి మేడం, చేతులు గద ఇవి. మీ ఇంటి ఆడిబిడ్డలయి.” వేలితో ముట్టుకోబోయి ఆగి, చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాడు. “మా తాత చెప్పిండు. నేనే కతలనుకున్న. మా మేనత్త పెండ్లికి గీ బస్సు అడగనీకి పోయిండట మా తాత. ఒక్క పూటకు. బస్సు మా ఆడపిల్లలకే అన్నడట పెద్దదొర. ఎడ్లబండి మీద పోయింది మా అత్త. గప్పటిసంది మా ఇంట్ల పెండ్లి మాటొస్తె బస్సు మాటొస్తది.”

అతని గొంతులో కోపం లేదు. ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునే మాట చెప్పినట్టే చెప్పాడు. నాకు ఆ సంగతి తెలియదని అన్నాను.

“మీకెట్ల తెలుస్తది, మీరు చిన్నగుండొచ్చు. ఇడువుండ్రి. వచ్చే మాఘంల మా బిడ్డ పెండ్లి. తోటలనే. గీ బస్సెక్కిచ్చి గుట్ట దిగువ దాకనన్న గుంజుకపోయి సాగనంపాలె. ఇంజను లేకుంటె ట్రాక్టర్ కడ్త. ఎక్కేటప్పుడు మా బిడ్డ చెయ్యి గూడ గీ పక్కకే పెట్టిపిస్త.”

నేను ఆ వరసలో మిగిలిన జాగా చూశాను. డ్రైవరు నన్ను పెట్టమన్నది అక్కడే.

“బస్సు తీసుకో. ఆ రేకు ఇవ్వను” అన్నాను.

“గది లేకుంటె ఉత్త బస్సే గద మేడం.”

“ఆ చేతులు మా ఇంటివి.”

 అతను నా వెనక ఉన్న డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు ఆకాశం వైపు చూస్తున్నాడు.

“ఆలోచన చేయుండ్రి. రేపు పొద్దుగాల దాక తాండూర్లనే ఉంట. బలిమి లేదు. రేకుతోని ఇస్తె తీస్కపోత, లేకుంటె లేదు.”

అతను వెళ్లాక పాతసామాన్ల వ్యాపారి కూడా ఫోను చేశాడు. పండుగకు ముందు కట్టర్ ఖాళీగా ఉందట.

మా చెల్లెలికి ఫోను చేశాను, దాని అత్తవారూరు సేడం. సరిహద్దు దాటి చాలా ఏళ్లయింది కాబట్టి ఫోనెత్తగానే కన్నడం వస్తుంది, తర్వాత తెలుగుకు దిగుతుంది.

“ఏన్ అక్కా? ఇంక రేకులే తోముతున్నవా?”

జరిగింది చెప్పాను. తన చెయ్యి కనిపించిందని, చిటికెనవేలు వంకర కూడా కనిపిస్తోందని చెప్పాను. 

“సన్నగుండెనా?”

“ఏంటి?”

“చెయ్యి. సన్నగుండెనా నా చెయ్యి?”

“సన్నగానే ఉంది.”

“గిప్పుడు జూడు, గాజులు ఎక్కుతలెవ్వు.” నవ్వింది. తర్వాత మిగతాది కూడా చెప్పాను, గొర్రెలు కాసినాయన మనవడు ఏం అడిగాడో, నేను ఏం అన్నానో. ఇలాంటి విషయాల్లో చెల్లెలు నా పక్కే ఉంటుందనుకున్నాను. మేము ఒక్క ఇంట్లోనే పెరిగాము.

“అక్కా, నువ్వు మస్తు గట్టిదానివి. నాయిన లెక్కనే. ఒకటి చెప్పు. నా చెయ్యి పక్కకు ఇంకొక పిల్ల చెయ్యి పెడితె నా చెయ్యి అరుగుతదా?”

“అరుగుడు కాదు. అది మన ఇంటి వరస.”

“వరసల నువ్వున్నవా?”

 అనకూడని మాట అన్నానని దానికీ తెలిసింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

“గాయన తోటల పెడ్తె రేపు నేనొచ్చి చూస్త. మనవరాళ్లకు చూపిస్త, ఇది నేనే అని. నువ్వు తూకానికేస్తె నా చెయ్యి కరుగుతది. అత్తలయి గూడ కరుగుతయ్. ఎవరి కోసం దాస్తున్నవ్? నా చెయ్యి గద, నేనే చెప్తున్న. ఇచ్చెయ్యి.”

ఫోను పెట్టేశాక వరండాలో కూర్చున్నాను. నాకు కోపం రాలేదు. కోపానికి కావలసిన ఓపిక కింది వరస రేకుల దగ్గరే అయిపోయింది. మా ముత్తాత ముందు నడిచిన మనిషి గురించి, ఆ మనిషి ఇంటికి వెళ్లి ఏం చెప్పుకునేవాడో అని మొదటిసారి ఆలోచించాను. ఎక్కువసేపు కాదు. నడుము నొప్పిగా ఉంది, పడుకున్నాను.

పొద్దున అతను వచ్చేసరికి నేనూ డ్రైవరూ రాత్రి పడిన దుమ్ము తుడుస్తున్నాము. ఈసారి అతను కూర్చోలేదు, షెడ్డు దగ్గర కుర్చీ లేదు. నిలబడే ఉన్నాడు. నేను గుడ్డ పక్కన పెట్టి, నిటారుగా నిలబడి చెప్పాను.

“రేకుతోనే తీసుకో.”

“ఖాయమేనా?”

“ఒకసారే చెప్తాను నేను. మీ అమ్మాయికి ఉత్త పసుపు పెట్టకండి. వారానికి వెలిసిపోతుంది. సున్నం కలపాలి. పసుపు ఎర్రగా తిరిగాక ఇంకొంచెం వేయాలి. వెంటనే కడగకూడదు, మర్నాడు కడగాలి. ముందు ఆ చోట పిండితో జిడ్డు తీసి పెట్టుకోండి, లేకపోతే పట్టదు.”

అతను ఫోను తీసి ఆ మాటలు రికార్డు చేసుకుంటానని, మళ్లీ చెప్పమని అడిగాడు. మళ్లీ చెప్పాను. సున్నం సంగతి రెండుసార్లు చెప్పాను.

“మీరు రావాలె మేడం పెండ్లికి. ముందు కుర్చీ మీదే.”

“చూద్దాం.”

“దొరసాని వస్తది” అన్నాడు డ్రైవరు. “నన్ను పిలువకున్న నేను గూడ వస్త. ఆ డిజైన్ చేసింది నేనే.”

పెద్ద ట్రక్కు వచ్చింది. బస్సును దాని మీదికి ఎక్కించడానికి పొద్దంతా పట్టింది. తాళ్లు రేకులకు ఒరుసుకోకుండా కింద పాత చీరలు వేయించాను. ట్రక్కు వికారాబాదు రోడ్డు ఎక్కి మలుపు తిరిగేదాకా డ్రైవరు నిలబడి చూశాడు. నేను షెడ్డులో మిగిలిన మైదా సంచి మూతి కట్టాను.

దసరా లోపల జాగా ఖాళీ చేశాము. చేతి మిషన్, దాని రాళ్లు అక్కడే వదిలేశాము. బస్సు వికారాబాదుకు అమ్ముడుపోయింది. తలుపు పక్క రేకు కూడా అందులోనే పోయింది.